తయారీ రంగం 9.1 శాతం పెరిగిందంటున్నారు, మా బాలానగర్ షెడ్డులో ఎందుకు కనిపించడం లేదు?

లేత్_బాలానగర్ | హైదరాబాద్ | 29 నవంబర్ 2025, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. జులై నుంచి సెప్టెంబర్ దాకా జీడీపీ లెక్కలు నిన్న సాయంత్రం వచ్చాయి. దేశం 8.2 శాతం పెరిగిందట, తయారీ రంగం అయితే 9.1 శాతం. టీవీలో చూసి రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు.

పందొమ్మిదేళ్లుగా బాలానగర్‌లో చిన్న మెషిన్ షాపు నడుపుతున్నాను. మూడు లేత్‌లు, ఒక మిల్లింగ్ మెషిన్, రెండేళ్ల కిందట లోన్ తీసుకుని కొన్న, కంప్యూటర్ ప్రోగ్రామ్‌తో నడిచే ఒక సీఎన్‌సీ. పంపుల కంపెనీలకు షాఫ్టులు, బుష్‌లు జాబ్ వర్క్ చేస్తాం. ఒకప్పుడు రెండు షిఫ్టులు నడిచేవి. ఇప్పుడు ఒక షిఫ్టుకు పని దొరికితే చాలనుకుంటున్నాం. చేసిన పనికి బిల్లు 45 రోజుల్లో ఇవ్వాలని చట్టం ఉంది, చేతికి వచ్చేసరికి మూడు నెలలు దాటుతోంది. మా లైన్లో నాలుగు షెడ్లు ఉంటే అందరి మాటా ఇదే.

లెక్క తప్పని నేను అనడం లేదు. నాకు అంత చదువు లేదు. నేనూ తయారీ రంగంలోనే ఉన్నాను కదా, ఆ 9.1లో నేను ఎక్కడ ఉన్నానో తెలిసినవాళ్లు చెప్పండి. రాజకీయం వద్దు, దయచేసి.

గచ్చిబౌలి_గోపి | హైదరాబాద్ | 29 నవంబర్ 2025, రాత్రి 10:15

అన్నా, మా వైపు కూడా పరిస్థితి ఇలాగే ఉంది. ఫైనాన్స్, రియల్ ఎస్టేట్, ప్రొఫెషనల్ సర్వీసెస్ కలిపిన గ్రూపు 10.2 శాతం పెరిగిందని చూపించారు. ఐటీ సేవలు చాలావరకు అందులోకే వస్తాయి. మా ఆఫీసులో మాత్రం ఫ్రెషర్లను తీసుకుని ఏడాదిన్నర అయింది. మాస్టారు వచ్చి చెప్పాలి దీని సంగతి.

నిప్పులాంటి_నిజం | 29 నవంబర్ 2025, రాత్రి 10:32

చెప్పేదేముంది? అంకెలన్నీ వండినవే. ఐఎంఎఫ్ (అంతర్జాతీయ ద్రవ్య నిధి) మన జాతీయ ఆదాయ లెక్కలకు 'సి' గ్రేడ్ ఇచ్చింది ఈ నెలలోనే. ఇంకేం కావాలి?

లెక్కల_మాస్టారు | రాజమండ్రి | 30 నవంబర్ 2025, ఉదయం 6:50

ముప్పై ఏళ్లు డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ చెప్పాను కాబట్టి కొంచెం పొడుగ్గానే రాస్తాను, ఓపికగా చదవండి.

ముందు నిజం గారికి. 'సి' గ్రేడ్ ఇచ్చిన మాట నిజమే. ఇచ్చిన కారణాలు కూడా చదవాలి కదండీ. పోల్చడానికి తీసుకున్న 2011-12 ఆధార సంవత్సరం పాతబడిపోయింది, ధరల ప్రభావం తీసేసే పద్ధతి సరిగా లేదు, చిన్న యూనిట్ల సమాచారం చాలదు, ఇవీ ముఖ్యంగా వాళ్లు చెప్పినవి. వీటిని పద్ధతిలో లోపాలంటారు. అంకెలు వండారని ఎవరూ అనలేదు. వండటం వేరు, పాత కొలపాత్రతో కొలవడం వేరు.

ఇప్పుడు లేత్ గారికి. మీ ప్రశ్న చాలా మంచి ప్రశ్న. మీరు 9.1లో ఉన్నారు, కానీ మీ షెడ్డుకు వచ్చి ఎవరూ లెక్క రాసుకోలేదు. మూడు నెలల లెక్క రెండు నెలల్లో రావాలంటే అది కుదరదు కూడా. పెద్ద కంపెనీల విషయానికి వస్తే, స్టాక్ మార్కెట్‌లో ఉన్నవి మూడు నెలలకోసారి ఫలితాలు ప్రకటిస్తాయి, వాటిని తీసుకుంటారు. మీలాంటి చిన్న యూనిట్లకు పారిశ్రామిక ఉత్పత్తి సూచీ, అదే ఐఐపీ, ఎంత పెరిగితే మీరూ అంత పెరిగారని అనుకుంటారు. ఆ సూచీ కూడా ఎక్కువగా రిజిస్టరైన ఫ్యాక్టరీల నుంచి వచ్చేదే. అంటే పెద్దవాళ్ల నీడను చూసి మీ ఎత్తు అంచనా కడుతున్నారన్న మాట.

పెద్దవీ చిన్నవీ కలిసి నడిచే రోజుల్లో ఈ పద్ధతితో ఇబ్బంది లేదు. అవి విడిపోయిన రోజుల్లోనే తేడా వస్తుంది. నోట్ల రద్దు జరిగిన 2016-17 గుర్తుందా? ఆ ఏడు వృద్ధి చివరి సవరణ తరువాత 8.3 శాతంగా తేలింది. ఆ ఏడు మీ షెడ్డు ఎలా నడిచిందో మీకే తెలుసు.

లేత్_బాలానగర్ | 30 నవంబర్ 2025, ఉదయం 8:05

మాస్టారూ, ఆ ఏడు నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా ఇద్దరు హెల్పర్లను ఊరికి పంపించేశాను. ఒకతను మళ్లీ రాలేదు. 8.3 అని ఇప్పుడే తెలిసింది.

ముంబై_తెలుగు | ముంబై | 30 నవంబర్ 2025, ఉదయం 11:20

మాస్టారి మాట ఒప్పుకుంటాను. అయితే రెండో వైపు కూడా చూడాలి. నేను ఒక బ్యాంకులో పరిశ్రమలకు ఇచ్చే అప్పుల విభాగంలో పని చేస్తాను. పెరుగుదల ఉంది, కళ్లతో చూస్తున్నాను. కాకపోతే అన్ని చోట్లా లేదు.

ఉదాహరణకు ఫోన్లు. 2024-25లో మన దేశం నుంచి స్మార్ట్‌ఫోన్ ఎగుమతులు 2 లక్షల కోట్ల రూపాయల స్థాయికి చేరాయి. పదేళ్ల కిందట ఇది చెబితే ఎవరూ నమ్మేవారు కాదు. శ్రీపెరంబుదూరు, హోసూరు, కోలార్ వైపు వెళ్తే పెద్ద పెద్ద ప్లాంట్లు కనిపిస్తాయి. మన కొంగర కలాన్‌లో ఈ ఏడాది ఎయిర్‌పాడ్స్ తయారీ మొదలైంది. బాలానగర్ నుంచి అక్కడికి రెండు గంటల ప్రయాణం కూడా ఉండదు. కానీ అన్నా, ఆ ప్లాంటుకు కావలసిన భాగాల్లో మీ లేత్ మీద తయారయ్యేది ఒక్కటైనా ఉందా? అదీ అసలు సమస్య. రంగం పేరు ఒకటే, లోపల ఉన్న లోకాలు వేరు.

ఇంకో సంగతి. గత ఏడాది ఇదే మూడు నెలల్లో వృద్ధి 5.6 శాతమే. అడుగు తక్కువగా ఉంటే పైన కొలిచింది ఎక్కువగా కనిపిస్తుంది. రెండేళ్లూ కలిపి సగటు తీస్తే 6.9 దగ్గర తేలుతుంది. అది మంచి వృద్ధే. 8.2 అని గుండెలు చరుచుకోనక్కర్లేదు, అబద్ధం అని కొట్టిపారేయనక్కర్లేదు.

చెరువుగట్టు | భీమవరం దగ్గర | 30 నవంబర్ 2025, మధ్యాహ్నం 2:10

మీరంతా ఫ్యాక్టరీల గురించి మాట్లాడుతున్నారు కాబట్టి వ్యవసాయం గురించి నేను చెబుతాను. ఈ మూడు నెలల్లో వ్యవసాయం 3.5 శాతం పెరిగిందన్నారు. మా రొయ్యల చెరువులు కూడా ఆ లెక్కలోనే ఉంటాయి, పంటలు, పశువులు, అడవులు, చేపలు అన్నీ ఒకే పద్దు.

ఆగస్టు 27 నుంచి అమెరికా మన సరుకు మీద 50 శాతం సుంకం వేసింది. చవకగా తెచ్చి అమ్ముతున్నారని రొయ్యకు ముందే వేసిన యాంటీ డంపింగ్ సుంకం లాంటివి దానిమీద అదనం. మన దేశం నుంచి పోయే సముద్ర ఉత్పత్తుల విలువలో మూడింట రెండొంతుల పైన గడ్డకట్టించిన రొయ్యే, దానికి అతి పెద్ద కొనుగోలుదారు అమెరికా. సుంకం వార్త రాగానే మా దగ్గర ఏమైందంటే, రేటు ఇంకా పడిపోతుందని భయపడి చాలామంది ఎదగకుండానే పట్టుబడి చేసేశారు. గడువు లోపలే ఓడ ఎక్కించాలని ఎగుమతిదారులు పరుగులు పెట్టారు. అంటే జులై, ఆగస్టులో టన్నులు పెరిగాయి. లెక్కలో అది వృద్ధి. మాకు అది భయంతో చేసిన అమ్మకం.

ఆ తరువాత సీడ్ వెయ్యడానికి చేతులు ఆడలేదు. మా గట్టు మీద ఎనిమిది చెరువులుంటే మూడు ఎండబెట్టి ఉన్నాయి. పీలింగ్ షెడ్లకు వెళ్లే ఆడవాళ్లకు వారంలో మూడు రోజులే పని. దీని మీద అక్టోబర్ 28 రాత్రి మొంథా తుపాను. ఆ నష్టం ఈ 3.5లో లేదు, వచ్చే మూడు నెలల లెక్కలో పడుతుంది. అప్పుడు కూడా ఇక్కడికే వచ్చి మాట్లాడుకుందాం.

నల్లరేగడి | ఆదిలాబాద్ | 30 నవంబర్ 2025, సాయంత్రం 5:45

చెరువుగట్టు అన్న చెప్పింది పత్తికి కూడా వర్తిస్తుంది. విదేశీ పత్తి మీద 11 శాతం దిగుమతి సుంకం ఆగస్టులో ఎత్తేశారు, డిసెంబర్ 31 దాకా. పొడవు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. తేమ 12 శాతం దాటితే ఆ ధరకు తీసుకోరు. అక్టోబర్ వానల్లో తడిసిన పత్తికి తేమ ఎంతుంటుందో చేసినవాడికే తెలుసు. ఆరబెట్టడానికి చోటు లేనివాళ్లు వ్యాపారి ఎంతకు అడిగితే అంతకు ఇచ్చేశారు.

నాదొక ప్రశ్న మాస్టారు గారికి. పంట ఎక్కువ పండి ధర పడిపోతే జీడీపీలో అది పెరుగుదలా, తగ్గుదలా? కర్నూలులో ఉల్లి సంగతి చూశాం కదా. సర్కారు క్వింటాలు 1,200కు కొనాల్సి వచ్చింది.

లెక్కల_మాస్టారు | 30 నవంబర్ 2025, రాత్రి 8:30

నల్లరేగడి గారూ, సరిగ్గా గుండెకాయ దగ్గరికి వచ్చారు. జీడీపీ రెండు రకాలు. ఈనాటి ధరల్లో కొలిచేది ఒకటి, ధరల మార్పు తీసేసి కొలిచేది ఇంకొకటి. టీవీలో చెప్పే 8.2 రెండోది. పంట ఎక్కువ పండితే రెండో లెక్కలో పెరుగుదలే, రైతు చేతికి వచ్చిన డబ్బు తగ్గినా సరే. మీ జేబు మొదటి లెక్కలో బతుకుతుంది, వార్త రెండో లెక్కలో వస్తుంది.

ఈ మూడు నెలల్లో మొదటి లెక్క ప్రకారం పెరుగుదల 8.7 శాతం. రెండో లెక్క 8.2. మధ్య తేడా అర శాతమే! అంటే దేశం మొత్తం మీద ధరలు అర శాతమే పెరిగాయని ఈ లెక్క అనుకుంటోంది. మామూలుగా ఈ తేడా మూడు, నాలుగు శాతం ఉంటుంది. అక్టోబర్‌లో చిల్లర ధరల ద్రవ్యోల్బణం 0.25 శాతానికి పడిపోయింది, ఈ సిరీస్‌లో ఇంత తక్కువ ఎప్పుడూ లేదు. ఆహార ధరలైతే ఏడాది కిందటికన్నా 5 శాతం తగ్గాయి. కొనేవాళ్లకు ఇది నిజంగా ఊరట, నేనూ పింఛను మీద బతికేవాణ్నే. పండించేవాళ్లకు, చిన్న అమ్మకందారులకు మాత్రం రూపాయల్లో ఎదుగుదల కనిపించదు. అప్పు వాయిదా రూపాయల్లోనే కట్టాలి కదా.

ఇక తయారీ రంగంలో ఒక మెలిక ఉంది. దోసెల హోటల్ ఉదాహరణతో చెబుతాను.

ఒక హోటల్‌లో పోయిన ఏడు 100 రూపాయల దోసెలు అమ్మారు. బియ్యం, మినప్పప్పు, నూనె, గ్యాస్ ఖర్చు 60. మిగిలింది 40, అదే ఆ హోటల్ చేర్చిన విలువ. ఈ ఏడు దోసెలు అన్నే, దోసె ధర అంతే. నూనె, పప్పు చవకై ఖర్చు 54కు దిగింది. మిగిలింది 46. మన లెక్కల పద్ధతి ఏం చేస్తుందంటే, దోసె ధర మారలేదు కాబట్టి ఈ 46ను అలాగే ఉంచి, 40 నుంచి 46, పదిహేను శాతం వృద్ధి అంటుంది. ఒక్క దోసె కూడా ఎక్కువ వెయ్యలేదు! ముడిసరుకు ధరను విడిగా, అమ్మకం ధరను విడిగా సరిచేస్తే అసలు వృద్ధి సున్నా. ఆ పద్ధతిని డబుల్ డిఫ్లేషన్ అంటారు. వ్యవసాయానికి మన దగ్గర ఇప్పటికే ఉంది, తయారీ రంగానికి లేదు.

టోకు ధరల పెరుగుదల ఈ మూడు నెలలూ సున్నా చుట్టూ తిరిగింది. ముడిసరుకు చవకైన కంపెనీల లాభం పెరిగింది. ఆ లాభంలో ఎంత నిజమైన ఉత్పత్తి, ఎంత దోసెల హోటల్ కథ అన్నది విడదీయడం ఇప్పటి పద్ధతిలో కష్టం.

నిప్పులాంటి_నిజం | 30 నవంబర్ 2025, రాత్రి 9:02

అయితే నేను అన్నదే కదా మాస్టారూ, ఎక్కువ చేసి చూపిస్తున్నారని.

లెక్కల_మాస్టారు | 30 నవంబర్ 2025, రాత్రి 9:25

కాదు నాయనా. ముడిసరుకు ధర మండిపోయిన ఏడు ఇదే పద్ధతి వృద్ధిని తగ్గించి చూపిస్తుంది. కావాలని చేసేవాడు రెండు వైపులా తప్పే పద్ధతి ఎందుకు పెట్టుకుంటాడు? అసలు సమస్య ఇన్నేళ్లు దాన్ని మార్చకపోవడం. 2022-23 ఆధార సంవత్సరంగా జీడీపీ కొత్త సిరీస్ 2026 ఫిబ్రవరి 27న రాబోతోంది. తయారీ రంగానికి డబుల్ డిఫ్లేషన్ తేవాలని, జీఎస్టీ సమాచారం వాడాలని, చిన్న వ్యాపారాల సర్వేను ఏటా కలపాలని గణాంక శాఖ చర్చాపత్రాల్లో ఉంది. ఆ సర్వే ప్రకారం 2023-24లో వ్యవసాయేతర చిన్న యూనిట్లు 7.34 కోట్లు, అందులో పని చేసేవాళ్లు 12 కోట్ల మంది. లేత్ గారూ, మీలాంటివాళ్లు అంతమంది. 2015-16 తరువాత మళ్లీ 2021-22 దాకా ఆ సర్వే లేనే లేదు. ఆ మధ్యలోనే నోట్ల రద్దు, జీఎస్టీ, కొవిడ్ వచ్చిపోయాయి. నాకు బాధ కలిగేది ఇక్కడే. దెబ్బ తగిలిన ఏళ్లలోనే చూసేవాళ్లు లేకపోయారు.

గచ్చిబౌలి_గోపి | 1 డిసెంబర్ 2025, సాయంత్రం 6:20

అక్టోబర్ ఐఐపీ ఇవాళ వచ్చింది. మొత్తం పెరుగుదల 0.4 శాతం, తయారీ 1.8 శాతం. రెండు రోజుల కిందట 9.1 చదివాం!

ముంబై_తెలుగు | 1 డిసెంబర్ 2025, రాత్రి 7:05

దసరా, దీపావళి రెండూ అక్టోబర్‌లోనే పడ్డాయి, పని దినాలు తక్కువ. ఒక్క నెల చూసి టెన్షన్ పడొద్దు. జీఎస్టీ సంగతి కూడా ఉంది. ఆగస్టు 15న రేట్లు తగ్గుతాయని చెప్పారు, తగ్గింది సెప్టెంబర్ 22న. ఆ ఐదు వారాలు టీవీ, ఏసీ, కారు కొనాలనుకున్నవాళ్లు ఆగిపోయారు, పండక్కి కొన్నారు. అమ్మకాలు ఒక త్రైమాసికం నుంచి ఇంకో దానికి జరిగాయి. అందుకే అక్టోబర్, నవంబర్ కలిపి చూస్తేనే న్యాయం.

వరంగల్_సరిత | వరంగల్ | 2 డిసెంబర్ 2025, ఉదయం 10:40

ఇన్ని పోస్టుల్లో పని చేసేవాళ్ల సంగతి తక్కువ వచ్చింది, అందుకే రాస్తున్నాను. కార్మిక సర్వే 2023-24 ప్రకారం దేశంలో పని చేసేవాళ్లలో 46.1 శాతం వ్యవసాయంలోనే ఉన్నారు. 3.5 శాతం పెరిగే చోట దాదాపు సగం మంది, 10.2 శాతం పెరిగే చోట కొద్దిమంది. మా అన్నయ్య నిర్మాణ పనుల్లో సెంట్రింగ్ మేస్త్రి. నిర్మాణం 7.2 శాతం పెరిగిందన్నారు, అది మాత్రం నేను నమ్ముతాను, ఆయనకు పని ఖాళీ లేదు. కానీ కూలి రెండేళ్లుగా అంతే ఉంది. బీహార్, ఒడిశా నుంచి మనుషులు వస్తూనే ఉన్నారు కాబట్టి పెంచమంటే ఎవరూ పెంచడం లేదు. పని పెరగడం, సంపాదన పెరగడం ఒకటి కావని మా ఇంట్లోనే చూస్తున్నాం.

చెరువుగట్టు | 2 డిసెంబర్ 2025, రాత్రి 9:15

సరిత గారూ, మాకు చేపల పెంపకంలో కూడా ఇదే. బాగా రాశారమ్మా.

ముంబై_తెలుగు | 5 డిసెంబర్ 2025, మధ్యాహ్నం 12:30

రిజర్వ్ బ్యాంకు ఇవాళ రెపో రేటు, అంటే బ్యాంకులకు తాను ఇచ్చే అప్పు మీద వడ్డీ, పావు శాతం తగ్గించి 5.25 చేసింది. ఫిబ్రవరి నుంచి లెక్కేస్తే మొత్తం 1.25 శాతం తగ్గింది. లేత్ అన్నా, మీ సీఎన్‌సీ లోన్ ఫ్లోటింగ్ రేటా, అంటే వడ్డీ మారుతూ ఉండేదా? అయితే మీ బ్యాంకులో వడ్డీ ఎంత తగ్గించారో రాతపూర్వకంగా అడగండి. రెపోకు ముడిపెట్టిన లోను అయితే మూడు నెలల్లోపు వాళ్లు రేటు సవరించాలి. అడగనివాళ్ల విషయంలో కొన్నిచోట్ల ఆలస్యం అవుతుంది.

లేత్_బాలానగర్ | 6 డిసెంబర్ 2025, రాత్రి 10:50

ఫ్లోటింగే తమ్ముడూ. సోమవారం అడుగుతాను, థాంక్స్.

మాస్టారి దోసెల లెక్క చదివాక నా షెడ్డుకూ రెండు లెక్కలు వేసి చూద్దామనిపించింది. ఈ వారం రాత్రుళ్లు కూర్చుని పాత జాబ్ కార్డులన్నీ తీశాను. పోయిన ఏడాది జులై-సెప్టెంబర్‌లో బిల్లులు 11 లక్షల 20 వేలు. ఈ ఏడాది అవే మూడు నెలల్లో 11 లక్షల 50 వేలు. రూపాయల్లో రెండున్నర శాతం పైన పెరిగాను. తరువాత మెషిన్లు నడిచిన గంటలు కలిపి చూశాను. అప్పుడు 1,940, ఇప్పుడు 1,860. గంటల్లో నాలుగు శాతం తగ్గాను.

మెషిన్ వారీగా విడదీసి చూస్తే అసలు విషయం బయటపడింది. సీఎన్‌సీ గంటలు పెరిగాయి. తగ్గినవన్నీ పాత లేత్‌ల గంటలు. సీఎన్‌సీ పనికి గంటకు రేటు ఎక్కువ కాబట్టి మొత్తం బిల్లు పెరిగినట్టు కనిపించింది. పని లేదు, పని లేదు అని ఇన్నాళ్లు అనుకున్నాను. పని ఉంది, అది లేత్ నుంచి సీఎన్‌సీకి జరిగింది. ముంబై తమ్ముడు దేశం గురించి చెప్పిన మాట నా నాలుగు గోడల మధ్యే ఉంది.

ఇప్పుడు నా దిగులు వేరే. నా దగ్గర పదహారేళ్లుగా ఉన్న పెద్ద టర్నర్‌కు 51 ఏళ్లు. చేతిలో అంత పనితనం ఉన్న మనిషిని నేను చూడలేదు, మైక్రోమీటర్ పెట్టకముందే కొలత చెబుతాడు. ఖాళీగా కూర్చునేది ఆయన లేతే. నిన్న ఈ కాగితం చూపిస్తే కాసేపు మాట్లాడలేదు. తరువాత, 'ప్రోగ్రామింగ్ నాకు ఎక్కుతుందంటావా?' అని అడిగాడు. ఈ వయసువాళ్లకు నేర్పించే చోటు ఎక్కడైనా ఉందా? మాస్టారూ, నా రకం పని ఐఐపీలో ఏ వరుసలో ఉంటుందో అది కూడా చెప్పండి, నెలనెలా చూసుకుంటాను.

లెక్కల_మాస్టారు | 7 డిసెంబర్ 2025, ఉదయం 6:30

'ఫ్యాబ్రికేటెడ్ మెటల్ ప్రాడక్ట్స్' అని ఒక వరుస, 'మెషినరీ అండ్ ఎక్విప్‌మెంట్' అని ఇంకొకటి. పంపుల కంపెనీలు రెండో దాంట్లో ఉంటాయి, మీరు రెండూ చూడండి. ప్రతి నెలా 28వ తేదీ చుట్టుపక్కల వస్తుంది. మీ గంటల లెక్క పక్కన రాసి పెట్టుకోండి, ఆపొద్దు. ఫిబ్రవరిలో కొత్త సిరీస్ వచ్చాక మీ కాగితంతో పోల్చి చూడాలని నాకూ ఉంది.

గచ్చిబౌలి_గోపి | 7 డిసెంబర్ 2025, ఉదయం 9:10

అన్నా, సీఎన్‌సీ శిక్షణకు ఊరు దాటనక్కర్లేదు. మీ బాలానగర్‌లోనే సీఐటీడీ (సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్) ఉంది, 1968 నుంచి నడుస్తున్న కేంద్ర ప్రభుత్వ సంస్థ. పని చేసుకునేవాళ్ల కోసం చిన్న కోర్సులు ఉంటాయి. ఫీజు, వయసు నియమాలు అక్కడే కనుక్కోండి.

లేత్_బాలానగర్ | 7 డిసెంబర్ 2025, ఉదయం 9:48

రోజూ ఆ గేటు ముందు నుంచే వెళ్తున్నాను గోపీ. అది ఇంజినీరింగ్ పిల్లల కోసమే అనుకున్నాను. రేపు బ్యాంకు పని అయ్యాక ఆయన్ను బండి మీద ఎక్కించుకుని వెళ్తాను. ఏం చెప్పారో సాయంత్రం ఇక్కడే రాస్తాను.